ఊళ్లో పిల్లలకు ఆట నేర్పడం బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లెటూరు. నాకు 23 ఏళ్లు. బీకాం పూర్తయింది. హైస్కూల్ నుంచీ ఖోఖో ఆడుతున్నాను. యూనివర్సిటీ జట్టులో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లాను. డిగ్రీ అయ్యాక ఇంటికొచ్చి, సాయంత్రాలు మా హైస్కూల్ గ్రౌండ్‌లో పిల్లలకు ఖోఖో నేర్పుతున్నాను. ముప్పై మంది దాకా వస్తారు. నాకు ఇదే నా పనిగా చేసుకోవాలని ఉంది. నాన్న మాత్రం ‘ఆటలాడించడం ఒక ఉద్యోగమా? బ్యాంకు పరీక్షలకో డీఎస్సీకో కూర్చో’ అంటున్నారు. మా పెదనాన్న కొడుకు లండన్‌లో ఉంటాడు. అక్కడ కమ్యూనిటీ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్‌లో మాస్టర్స్ ఉంది, వచ్చి చదువుకోమంటాడు. వ్యాయామ విద్యలో బీపీఈడీ చేయాలా, ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేయాలా, సోషల్ వర్క్‌లో ఎంఎస్‌డబ్ల్యూ చేయాలా తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఇంకో బాధ కూడా ఉంది. ఎనిమిదో తరగతి దాటగానే అమ్మాయిలు గ్రౌండ్‌కి రావడం మానేస్తున్నారు. ఏం చేయాలి? పిల్లల దగ్గర నెలకు యాభై రూపాయలు ఫీజు తీసుకోవచ్చా?
– పేరు వేయొద్దు, విజయనగరం జిల్లా

సమాధానం: చెల్లెమ్మా, మీ నాన్నగారి మాటతోనే మొదలుపెడతాను. ఆయన అడగాల్సిందే అడిగారు. ఇది ఉద్యోగమేనా? అవును, ఉద్యోగమే. కాకపోతే మన రాష్ట్రంలో ‘కమ్యూనిటీ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్’ పేరుతో ఒక పోస్టు, దానికో నోటిఫికేషన్, దానికో పరీక్ష లేవు. బ్రిటన్‌లో ఊళ్లలో, పేటల్లో జనాన్ని ఆటల వైపు తీసుకురావడానికి స్థానిక కౌన్సిళ్లు ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకుంటాయి. మీ అన్నయ్య చెబుతున్నది ఆ ఉద్యోగం గురించి. మన దగ్గర ఆ పని నాలుగైదు చేతుల్లో పంచుకుని ఉంది. కొంత బడిలో పీఈటీ చేస్తారు. కొంత రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) తరఫున జిల్లా క్రీడాభివృద్ధి అధికారి, అంటే అందరూ డీఎస్‌డీవో అని పిలిచే ఆఫీసు చేస్తుంది. కొంత స్వచ్ఛంద సంస్థలు, కొంత కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విభాగాలు చేస్తాయి. మిగతాది నీలాగా ఎవరూ చెప్పకుండానే గ్రౌండ్‌లోకి దిగినవాళ్లు చేస్తున్నారు. అందుకని ఒక్క పోస్టు పేరు పట్టుకుని వెతికితే నీకు ఏమీ కనిపించదు. ఇన్ని చోట్లా పనికొచ్చే మనిషిగా తయారైతే మాత్రం దారులు చాలానే ఉన్నాయి.

అసలు ఈ పని ఏమిటో ముందు మనిద్దరం ఒక మాట మీదికి రావాలి. కోచింగ్ ఇందులో ఒక భాగం మాత్రమే. అకాడమీలో కోచ్ వందమందిని చూసి పదిమందిని ఏరుకుంటారు. మిగతా తొంభై మంది సంగతి ఆయన చూడనక్కర్లేదు. నువ్వు చేయాలనుకుంటున్న పనిలో ఆ తొంభై మందే ముఖ్యం. తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చే పిల్ల, నాలుగడుగులకే ఆయాసపడే పిల్లాడు, చెవులు సరిగా వినపడని పిల్ల, ఊరి చివర కాలనీ నుంచి వచ్చి గట్టు మీదే కూర్చుండిపోయే పిల్లలు ఉంటారు చూడు, వాళ్లందరినీ గీత లోపలికి తెచ్చి వారం వారం ఆడేలా చూడటమే ఈ ఉద్యోగం. నువ్వు నీ ఉత్తరంలో ఒక్క కప్పు గురించి కూడా రాయలేదు, మానేసిన అమ్మాయిల గురించి రాశావు. ఈ పనికి నువ్వు సరిపోతావని నాకు అక్కడే అనిపించింది.

పతకాలు రావా అంటే, వస్తాయి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అని ఒక ఊరు. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ నడిపే బడి ఉంది. ఆ బడిలో విలువిద్య నేర్చుకున్న వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లింది. అదే ఊరి అమ్మాయి జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో మానసిక ఎదుగుదల తక్కువ ఉన్నవాళ్ల కోసం ఉండే టీ20 విభాగం 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అదే ఏడాది మేలో కోబేలో జరిగిన ప్రపంచ పోటీల్లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు కూడా పెట్టింది. మానసిక ఎదుగుదల తక్కువని చిన్నప్పుడు ఇరుగుపొరుగు హేళన చేసిన పిల్ల ఆమె. ఆమె పరుగును మొదట గమనించింది బడిలో పీఈటీ. పెద్ద కోచ్‌లు, హైదరాబాద్ శిక్షణ, స్పాన్సర్లు ఆ తర్వాత వచ్చారు. రోజూ ఆ పిల్లల మధ్య ఉండే మనిషి ఒకరు ఊళ్లో లేకపోతే మిగతావేవీ మొదలయ్యేవి కావు.

అంతదూరం ఎందుకు, మీ జిల్లాలోనే నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఉంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో పతకం గెలిచిన మత్స సంతోషిది ఆ ఊరే. మొదట కాంస్యం వచ్చింది, స్వర్ణం గెలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. ఆ ఊరి నుంచి బరువులెత్తి రైల్వేలోనో సైన్యంలోనో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు చాలామంది. వీలైతే ఒకరోజు మీ నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లు. నువ్వు మాట్లాడకు, అక్కడి తల్లిదండ్రులతో ఆయన్నే మాట్లాడనివ్వు.

ఇప్పుడు అమ్మాయిల సంగతి. ఇది నీ ఉత్తరంలో చివర్లో రాసినా, నీ భవిష్యత్తు దీనిమీదే ఎక్కువ ఆధారపడి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలు మానేయడానికి ఆట మీద ఇష్టం పోవడం కారణం కావడం చాలా అరుదు. నెలసరి మొదలవుతుంది, గ్రౌండ్‌లో బాత్రూమ్‌కి తాళం వేసి ఉంటుంది. షార్ట్స్ వేసుకోవడానికి మొహమాటం. గోడ మీద కూర్చుని చూసే కుర్రాళ్లు. ఆట అయ్యేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో అమ్మ పొలం నుంచి వచ్చేలోపు నీళ్లు పట్టాలి, అన్నం వండాలి. కొన్ని ఇళ్లలో అప్పటికే సంబంధాలు చూడటం మొదలవుతుంది. పిల్లని పిలిచి ‘ఎందుకు రావట్లేదే’ అని అడిగితే తల దించుకుంటుంది తప్ప వీటిలో ఒక్కటి కూడా చెప్పదు. వాళ్ల అమ్మని అడగాలి. అదీ గ్రౌండ్‌లో కాదు, వాళ్ల ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని అడగాలి.

కారణం ఒక్కో ఇంటికీ ఒక్కోలా ఉంటుంది, అయినా సరిదిద్దగలిగేవి చాలా ఉన్నాయి. హెడ్‌మాస్టర్‌గారిని అడిగి బాత్రూమ్ తాళం ఒకటి నీ దగ్గర ఉంచుకో. అమ్మాయిల సమయం బడి వదిలిన వెంటనే పెట్టి, వెలుతురు ఉండగానే ముగించు. అబ్బాయిల సమయం తర్వాతకి జరుపు. వాళ్లు గొణుగుతారు, పర్వాలేదు. ట్రాక్ ప్యాంట్ వేసుకున్నా, చుడీదార్‌తో ఆడినా అభ్యంతరం చెప్పకు. ఖోఖో ఈ విషయంలో వరం లాంటి ఆట, రెండు పోల్స్, సున్నం గీత ఉంటే చాలు, బట్టల గురించి పట్టింపు లేదు. ఒకే వీధి పిల్లలు కలిసి వచ్చి కలిసి వెళ్లేలా జతలు కట్టు. నెలకోసారి తల్లుల్ని పిలిచి అరగంట ఆట చూపించు. చిన్నప్పుడు ఖోఖో ఆడని తల్లి మన పల్లెల్లో తక్కువ. ఇద్దరు ముగ్గురిని గీతలో కూర్చోబెట్టి ‘ఖో’ అనిపిస్తే మరునాటి నుంచి వాళ్లే పిల్లల్ని పంపుతారు.

ఇంకోటి, చిన్నపిల్లలకు నేర్పే బాధ్యత పెద్దమ్మాయిలకు అప్పగించు. రాంచీ దగ్గర పల్లెల్లో అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పే యువ అనే సంస్థ 2009లో మొదలైంది. అక్కడ ఆట నేర్చుకుని పెరిగిన అమ్మాయిలే తర్వాత కోచ్‌లుగా నిలబడ్డారు. జార్ఖండ్‌లో చిన్న వయసు పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే ఊళ్లవి. ‘నేను రాకపోతే ఆ చిన్నపిల్లలకు ఎవరు నేర్పుతారు’ అని ఇంట్లో చెప్పుకోగలిగిన అమ్మాయిని ఆపడం కష్టం. ఢిల్లీలో నాజ్ ఫౌండేషన్ 2006లో మొదలుపెట్టిన గోల్ కార్యక్రమంలో నెట్‌బాల్ ఆడించి, ఆ తర్వాత కూర్చోబెట్టి ఆరోగ్యం, డబ్బు, హక్కుల గురించి మాట్లాడతారు. నువ్వు కూడా ఆట అయ్యాక పది నిమిషాలు కూర్చోబెట్టు. పాఠం చెప్పక్కర్లేదు, వాళ్లని మాట్లాడనిస్తే చాలు.

ఇదంతా చేస్తూ ఒక రిజిస్టర్ పెట్టు. ఈ ఉత్తరంలో నువ్వు ఒక్క సలహానే పాటిస్తావంటే ఇదే పాటించమంటాను. ఏ రోజు ఎవరు వచ్చారు, వయసు, తరగతి, అమ్మాయా అబ్బాయా, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, తిరిగి వచ్చారా అన్నీ రాయి. మూడు నెలలకోసారి 50 మీటర్ల పరుగు, నిలబడి దూకే లాంగ్ జంప్ కొలిచి రాసుకో. నువ్వు ‘ముప్పై మంది దాకా’ అని రాశావు. సంస్థల ఇంటర్వ్యూలో ఆ ‘దాకా’ పనికిరాదు. ‘జూన్‌లో అమ్మాయిలు ఇంతమంది, సమయం మార్చాక డిసెంబర్‌లో ఇంతమంది’ అని రిజిస్టర్ తెరిచి చూపించగలిగిన అభ్యర్థి, పెద్ద డిగ్రీ ఉన్నవాళ్ల కంటే ముందుంటుంది. ఈ రంగంలో జీతం ఇచ్చేవాళ్లకు కావాల్సింది ఎంతమంది వచ్చారు, ఎంతమంది నిలిచారు, ఏం మారింది అన్న లెక్క. బీకాం చదివావు కాబట్టి ఎక్సెల్ నీకు కొత్త కాదు. చాలామంది ఆటగాళ్లకు లేని బలం అది.

చదువు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముందు బీపీఈడీ చెయ్యి. రెండేళ్ల కోర్సు. దాని ప్రవేశ పరీక్ష ఏపీ పీఈసెట్‌లో రాత పరీక్ష ఉండదు, పరుగు, షాట్‌పుట్, జంప్, ఎంచుకున్న ఆటలో నైపుణ్యం చూస్తారు. ఇప్పటికీ ప్రాక్టీస్‌లో ఉన్నావు కాబట్టి నీకు భయం లేదు. బీపీఈడీ చేతిలో ఉంటే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య పోస్టుకు, గురుకులాల్లో పోస్టులకు దారి తెరిచి ఉంటుంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో పీఈటీలుగా కాంట్రాక్టు మీద మహిళల్నే తీసుకుంటారు, అది కూడా గుర్తుపెట్టుకో. ప్రైవేటు బడులు, సంస్థలు కూడా ఈ పట్టాకు విలువిస్తాయి. అంటే మీ నాన్నగారు కోరుతున్న డీఎస్సీ దారీ, నువ్వు కోరుతున్న దారీ మొదటి రెండేళ్లూ ఒకటే. ఇది ఆయనకు చెప్పావా? చెప్పి ఉండవని నా అనుమానం.

కాలేజీ ఎంచుకునేటప్పుడు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపు ఉందో లేదో చూసుకో. గ్రౌండ్ ఉందో లేదో కళ్లారా చూసి చేరు. హాజరు లేకపోయినా పట్టా ఇస్తామనే కాలేజీలు తగులుతాయి. అటు వెళ్లకు.

ఎన్ఐఎస్ అంటే పాటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ. అక్కడి కోచింగ్ డిప్లొమాకు చాలా గౌరవం ఉంది. అయితే అది ఒక ఆటలో పోటీ స్థాయి కోచ్‌ని తయారుచేసే చదువు. సర్కారు కోచ్ కావాలంటే అది అవసరం. నీ మనసు ఊరి మీద ఉంది కాబట్టి దానికి తొందర లేదు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతారు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఖోఖో ఉందేమో చూసుకుని, బీపీఈడీ సెలవుల్లో కుదిరితే చెయ్యి. ఎంఎస్‌డబ్ల్యూ మంచి చదువే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విభాగానికి పేరుంది. రేపు నువ్వు ఒక ఊరు దాటి పది మండలాల్లో కార్యక్రమం నడిపే స్థాయికి వెళ్లాలనుకుంటే అప్పుడు పనికొస్తుంది. ఇప్పుడే చేస్తే మాత్రం గ్రౌండ్‌కి దూరమవుతావు.

లండన్ మాస్టర్స్ గురించి రెండు మాటలు చాలు. అక్కడ నేర్పేది అక్కడి కౌన్సిళ్లు, క్లబ్బులు, నిధుల పద్ధతుల్లో పనిచేయడానికి. అక్కడే స్థిరపడాలనుకుంటే ఆలోచించు. తిరిగొచ్చి విజయనగరంలో పనిచేయాలనుకుంటే, పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఇక్కడి జీతంతో తీరదు.

ఎవరి దగ్గర ఉద్యోగాలుంటాయో చెబుతాను. మన రాష్ట్రంలో ముందు చూడాల్సింది అనంతపురం. విసెంటె ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అక్కడ పల్లె పిల్లల కోసం పెద్ద క్రీడా గ్రామమే కట్టింది. హాకీ, ఫుట్‌బాల్, సాఫ్ట్‌బాల్, జూడో, క్రికెట్ అన్నీ ఉన్నాయి. 2010లో రఫెల్ నాదల్ పేరుతో అక్కడే టెన్నిస్ బడి తెరిచారు. ఆ పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పుతారు. కోచ్‌లు కాక, పిల్లల ఇళ్లకు వెళ్లేవాళ్లు, పోటీలు నిర్వహించేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు కావాలి అలాంటి చోట. వెళ్లి చూసిరా, ఒకరోజంతా ఉండు. ముంబైలో 1999లో మొదలైన మ్యాజిక్ బస్ ఆటలతో పిల్లలకు జీవన నైపుణ్యాలు నేర్పుతుంది, తెలుగు రాష్ట్రాల్లోనూ పనిచేస్తోంది. నాగపూర్‌లో స్లమ్ సాకర్ ఉంది. బెంగళూరు సంస్థ స్పోర్ట్జ్ విలేజ్ బడులకు వ్యాయామ విద్య పాఠ్యక్రమం, టీచర్లను అందిస్తుంది. తెలుగు, హిందీ రెండూ వచ్చి, పల్లెలో పనిచేసిన అనుభవం ఉన్న ఆడపిల్లలు ఈ సంస్థలకు తేలిగ్గా దొరకరు.

కంపెనీల సంగతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూల్లో గ్రామీణ క్రీడలకు, గుర్తింపు ఉన్న క్రీడలకు శిక్షణ ఇవ్వడం కూడా ఉంది. విశాఖ ప్రాంతంలో హెచ్‌పీసీఎల్, ఎన్‌టీపీసీ సింహాద్రి లాంటి సంస్థలకు సీఎస్ఆర్ విభాగాలున్నాయి. వాళ్లు నేరుగా నీకు ఉద్యోగం ఇవ్వడం అరుదు. సంస్థలకు డబ్బిస్తారు, ఆ సంస్థలు మనుషుల్ని పెట్టుకుంటాయి. అందుకే ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ ప్రాజెక్టు నిధులు ఎప్పటివరకు ఉన్నాయి? చాలా ఒప్పందాలు మార్చి నెలాఖరుతో ముగుస్తాయి. ఏప్రిల్‌లో జీతం వస్తుందో రాదో అప్పుడు తెలుసుకోవడం కంటే ముందే అడగడం మంచిది.

ఖేలో ఇండియా పథకంలో జిల్లా స్థాయి చిన్న కేంద్రాలు ఉన్నాయి. ఒక్కో ఆటకు మొదట ఒకసారి 5 లక్షలు, ఆ తర్వాత ఏటా 5 లక్షలు ఇస్తారు. కోచ్ గౌరవ వేతనం అందులోంచే. ఆ కోచ్‌లుగా పాత ఆటగాళ్లనే తీసుకుంటారు, ఏ స్థాయిలో ఆడారు, పతకం ఉందా అన్నది చూస్తారు. నీ సర్టిఫికెట్ సరిపోతుందో లేదో డీఎస్‌డీవో ఆఫీసులో అడుగు. ఎలాగూ ఆ ఆఫీసుకు నువ్వు వెళ్లాలి. వేసవి శిక్షణ శిబిరాలకు కోచ్‌లు కావాల్సి వస్తుంది, అక్కడ నీ పేరు తెలిసి ఉండాలి. గౌరవ వేతనం కొంచెమే, అయినా అనుభవ పత్రం వస్తుంది. అన్నట్టు, నీ అంతర్ విశ్వవిద్యాలయ పోటీల సర్టిఫికెట్ ఉత్తినే ఫైల్లో పెట్టేశావేమో. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు అది ఫారం-3లో, యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి సంతకంతో ఉండాలి. అధికారులు మారిపోకముందే వెళ్లి తెచ్చుకో. మన రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా ఇప్పుడు 3 శాతానికి పెరిగింది, దాని నిబంధనలు కూడా విడిగా చదువు.

జీతం గురించి నిజం చెప్పాలి. నేను చూసినంతవరకు జిల్లాల్లో సంస్థల్లో ఫీల్డ్ స్థాయి ఉద్యోగం మొదట నెలకు 15 వేల నుంచి 25 వేల మధ్య ఉంటుంది. నాలుగైదేళ్లకు కార్యక్రమం నడిపే స్థాయికి వస్తే పెరుగుతుంది, కానీ బ్యాంకు ఉద్యోగంతో పోటీపడదు. ఊళ్లు తిరగాలి. ఆదివారాలు ఉండవు, ఎందుకంటే పిల్లలకు ఆదివారమే ఖాళీ. నీకు ఇంకా టూ వీలర్ లైసెన్స్ లేకపోతే ఈ నెలలోనే తీసుకో. ఫీల్డ్ ఉద్యోగాలకు దాదాపు అందరూ అడుగుతారు. రెడ్‌క్రాస్ వాళ్ల ప్రథమ చికిత్స శిక్షణ ఎప్పుడు జరిగినా చేరు. నీ గ్రౌండ్‌లో ఎవరికైనా చెయ్యి విరిగితే 108 వచ్చేలోపు ఏం చేయాలో నీకు తెలిసి ఉండాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇప్పుడు ఆ ముప్పై మందిని నువ్వు ఏ కాగితం లేకుండా ఆడిస్తున్నావు. అది ఆపు. గ్రౌండ్ వాడుకోవడానికి హెడ్‌మాస్టర్, పాఠశాల యాజమాన్య కమిటీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ప్రతి పిల్లకూ తల్లో తండ్రో సంతకం చేసిన పత్రం, వాళ్ల ఫోన్ నంబరు, పాత జబ్బులు, గాయాల వివరం ఉండాలి. పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టకు. సాయం చేస్తామని వచ్చే మగవాళ్లని, సీనియర్ ఆటగాళ్లయినా సరే, పిల్లలతో ఒంటరిగా వదలకు. వంగోబెట్టడం, కొట్టడం, బూతులు తిట్టడం మన గ్రౌండ్లలో ఇంకా కోచింగ్ పేరుతో నడుస్తున్నాయి. నీ గ్రౌండ్‌లో ఒక్కసారి కూడా జరగనివ్వకు. ఏ పిల్లయినా తనతో ఎవరో తప్పుగా ప్రవర్తించారని చెబితే, ‘పెద్దవాళ్లతో మాట్లాడి సర్దుదాం’ అనడానికి నీకు హక్కు లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చైల్డ్‌లైన్ నంబరు 1098 గ్రౌండ్ గోడ మీద పిల్లలకు కనిపించేలా రాయించు.

సొంతంగా సంస్థ రిజిస్టర్ చేయించమని నీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఏడుగురు సభ్యులుంటే సొసైటీ రిజిస్టర్ అవుతుంది, అది కష్టం కాదు. ఆ తర్వాత ఏటా ఆడిట్, రిటర్న్‌లు, పన్ను మినహాయింపులకు 12ఏ, 80జీ, కంపెనీల నిధులకు సీఎస్ఆర్-1 అంటూ కాగితాలు వస్తాయి. పైగా బయటి సంస్థకు కంపెనీ సీఎస్ఆర్ డబ్బు ఇవ్వాలంటే అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి. ఇప్పుడు వద్దు. మీ ఊళ్లో యువజన సంఘం ఉంటే దాని పేరు మీద నడుపు, కేంద్ర ప్రభుత్వ మై భారత్ పోర్టల్లో నమోదవ్వు. రెండు మూడేళ్లు ఎక్కడైనా జీతానికి పనిచేసి, వేరేవాళ్ల డబ్బును ఎలా లెక్క చెప్పాలో నేర్చుకున్నాక ఆ ఆలోచన చెయ్యి.

మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ‘సేవ’ అనే మాట వాడొద్దు. ఆడపిల్ల సేవ అంటే ఇంట్లోవాళ్లకు వినిపించేది జీతం లేని పని, ఆలస్యమయ్యే పెళ్లి. ఆయన భయం నీ మీద ప్రేమతో వచ్చింది, దాన్ని తేలిక చేయకు. ఒక కాగితం మీద రాసి చూపించు. ఈ ఏడాది పీఈసెట్, రెండేళ్లు బీపీఈడీ, ఆ రెండేళ్లలో వేసవి శిబిరాలు, ఆ తర్వాత డీఎస్సీ వస్తే డీఎస్సీ, రాకపోతే కేజీబీవీ లేదా సంస్థలో ఉద్యోగం, 27 ఏళ్లకల్లా నెలకు ఇంత. ఏ అంకె దగ్గర ఆయన ఒప్పుకోరో ఆయన్నే చెప్పమను. డీఎస్సీలో ఉద్యోగం వస్తే నువ్వు కోరుకున్న పని పోయినట్టని అనుకోవద్దు. సర్కారు బడి పీఈటీకి గ్రౌండ్ ఉంటుంది, పిల్లలుంటారు, జీతం ఉంటుంది, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలకు తీసుకెళ్లే అధికారం ఉంటుంది. ఆ నాలుగూ ఉండి కూడా ఏమీ చేయనివాళ్లు ఉన్నారు, నిజమే. నువ్వు అలా ఉండవు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌లో మగవాళ్లు, ఆడవాళ్లు ఇద్దరివీ మనమే గెలిచామని, ఆ మగవాళ్ల జట్టులో మన పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడని కూడా నాన్నగారికి చెప్పు. ఖోఖో అంటే బడి వదిలాక ఆడే ఆటే అని ఇంకా అనుకుంటుంటే ఆ అభిప్రాయం కొంత మారుతుంది.

చివరగా ఫీజు. సర్కారు బడి గ్రౌండ్‌లో పిల్లల దగ్గర తీసుకోవద్దు. యాభై రూపాయలు చిన్న మొత్తమే. కానీ ఇవ్వలేని ఇంటి పిల్ల ‘డబ్బుల్లేవు’ అని నీతో చెప్పదు, రావడం మానేస్తుంది. అలా మానేసే వాళ్లలో అమ్మాయిలే ముందుంటారు, ఎందుకంటే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఆ యాభై కొడుక్కి ఇస్తారు. సున్నం, పోల్స్, మందుల పెట్టె కావాలంటే ఊళ్లో ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థుల్ని అడుగు. డబ్బు కాకుండా వస్తువే ఇవ్వమను, ఎవరేం ఇచ్చారో బడి నోటీసు బోర్డు మీద రాయి. మండల పోటీలకు వెళ్లే రోజు ఆటో ఖర్చుకు మాత్రం ముందుగా తల్లిదండ్రులతో కూర్చుని ఎవరు ఎంత ఇవ్వగలరో మాట్లాడుకో. ఇవ్వలేనివాళ్ల వాటా ఎవరు భరిస్తారో పిల్లలు లేని చోట తేల్చుకోండి.